ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ కాలం నాటి చర్చిలు: అంత లావు గోడలెందుకు?

ఇలోయిలో_మెడికో:
అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఇలోయిలోలో మెడిసిన్ చదువుతున్నాను. పరీక్షలు అయిపోయాక ఫ్రెండ్స్‌తో కలిసి మియాగావ్ అనే ఊరి చర్చికి వెళ్ళాను. చర్చి అంటే సన్నగా, ఎత్తుగా ఉంటుందనుకుని వెళ్తే ఇది కోటలా ఉంది. పసుపు కలిసిన గోధుమరంగు రాయి, మీటరున్నర మందం గోడలు. రెండు పక్కలా రెండు టవర్లు, ఒకదానికొకటి పోలిక లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

ముందు గోడ మీద పైన త్రికోణంలో పెద్ద శిల్పం ఉంది. పునీత క్రిస్టఫర్ బాలయేసును భుజాన ఎత్తుకుని నది దాటుతున్నాడు. ఇంతవరకూ మామూలే. కానీ ఆయన పట్టుకున్నది కర్ర కాదు, కొబ్బరి చెట్టు! పక్కన బొప్పాయి చెట్లు కాయలతో సహా, జామ చెట్లు. యూరప్ సెయింట్‌కి కొబ్బరి చెట్టు ఎవరిచ్చారు? టవర్లు ఎందుకలా ఉన్నాయి? గోడలు ఎందుకంత లావు? మా ఫిలిప్పినో క్లాస్‌మేట్‌ని అడిగితే "పాతకాలం వాళ్ళు బలంగా కట్టేవారు" అని తేల్చేసింది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రాళ్ళపిచ్చి:
తమ్ముడూ, మొదటిసారే మంచిదానికి వెళ్ళావు. 1993లో యునెస్కో "ఫిలిప్పీన్స్ బరోక్ చర్చిలు" (బరోక్ అంటే యూరప్‌లో పుట్టిన, అలంకారాలు నిండిన కట్టడ శైలి) అని నాలుగింటిని కలిపి ఒకే వారసత్వ స్థలంగా గుర్తించింది. మియాగావ్ వాటిలో ఒకటి. మిగతావి మనీలా పాత కోట పట్టణం ఇంట్రామురోస్‌లోని శాన్ అగస్టిన్, ఇలోకోస్ నోర్తెలో పావోయ్, ఇలోకోస్ సుర్‌లో సాంటా మరియా.

మియాగావ్‌ది 1787లో మొదలై 1797లో పూర్తయింది. టవర్ల సంగతికి అందరూ చెప్పేది ఏమిటంటే, ఇద్దరు వేర్వేరు ఫాదర్లు తలొకటి కట్టించారు, ఎవరి ఇష్టం వాళ్ళది. నాకైతే ఆ తేడానే అందం.

లావు గోడలకు కారణం దొంగలు. దక్షిణాన సులు దీవుల వైపు నుంచి పడవల్లో దాడులు జరిగేవి. ఊళ్ళు తగలబెట్టి మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయేవారు. గంట మోగగానే ఊరంతా చర్చిలోకి పరుగెత్తి తలుపులు వేసుకునేది. నువ్వు చూసిన టవర్లు గంటలకే కాదు, సముద్రం మీద కన్నేసి ఉంచడానికి కూడా.

గానుగసున్నం:
దొంగలు సగం కారణమే. మిగతా సగం భూమి కింద ఉంది.

నేను సివిల్ ఇంజనీరుని, పాత కట్టడాల రిపేర్లే నా పని. ఫిలిప్పీన్స్‌లో భూకంపాలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. స్పెయిన్ నుంచి వచ్చిన వాళ్ళు మొదట అక్కడి లెక్కలతోనే కట్టారు, కూలిపోయాయి. మళ్ళీ కట్టారు, మళ్ళీ కూలాయి. అలా కూలుతూ కూలుతూ నేర్చుకున్నదే ఈ ఆకారం: ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, గోడలు మందం, కిటికీలు తక్కువ. దీన్నే "ఎర్త్‌క్వేక్ బరోక్" అంటారు.

దీనికి పరాకాష్ఠ చూడాలంటే పావోయ్ వెళ్ళాలి. 1694లో మొదలుపెట్టి 1710లో పూర్తిచేశారు. పక్కలకీ వెనక్కీ కలిపి 24 బట్రెస్‌లు, అంటే గోడ బయటికి ఒరిగిపోకుండా ఆనించి కట్టిన దిమ్మెలు. ఒక్కోటి దాదాపు 1.67 మీటర్ల మందం. మామూలుగా బట్రెస్ అంటే గోడకి అంటిపెట్టుకుని బుద్ధిగా నిలబడుతుంది. ఇక్కడివి అలా కాదు, మెలికలు తిరిగి అంచెలంచెలుగా నేల మీదికి దిగుతాయి. కొన్నిటికి మెట్లు కూడా పెట్టారు, కప్పు రిపేరుకి ఎక్కడానికి. గోడల కింది భాగం పగడపు రాయి, పై భాగం ఇటుక. బరువైనది కింద, తేలికైనది పైన. నాకు ఈ లెక్క చాలా నచ్చుతుంది.

ఇంకో తెలివి: అక్కడ గంటల టవర్ చర్చికి అతికించలేదు. కొంచెం దూరంగా విడిగా నిలబెట్టారు. భూకంపంలో ముందు కూలేది టవరే. అది కూలితే జనం ఉన్న చోట పడకూడదు.

మాస్టారు_తెనాలి:
ఇంజనీరు గారు కట్టడం చెప్పారు, కాబట్టి అసలు ఊరు ఎలా వచ్చిందో నేను చెప్తాను.

1565లో స్పెయిన్ సేనాని లెగాస్పి సెబూ దీవిలో దిగాడు, 1571లో మనీలా స్వాధీనం చేసుకున్నాడు. అప్పటికి అక్కడ జనం ఏటి ఒడ్డునా సముద్రపు ఒడ్డునా చెదిరి ఉండే చిన్న చిన్న పల్లెల్లో బతికేవారు. చెదిరిన జనం దగ్గర పన్ను వసూలు చేయడమూ కష్టమే, జ్ఞానస్నానం ఇవ్వడమూ కష్టమే. అందుకని వాళ్ళని ఒకచోటికి చేర్చారు. రెండో ఫిలిప్ రాజు 1573లో ఇచ్చిన ఉత్తర్వుల్లో కొత్త ఊళ్ళు ఎలా వెయ్యాలో కూడా ఉంది. మధ్యలో ప్లాజా, దాని పక్కన చర్చి, పరిపాలన భవనం, గళ్ళు గీసినట్టు వీధులు. గంట వినిపించేంత దూరంలో ఉన్నవాళ్ళంతా ఊరివాళ్ళు, వినపడని కొండల్లో ఉన్నవాళ్ళు కట్టు తప్పినవాళ్ళ కింద లెక్క. ఫిలిప్పీన్స్ పాత ఊరు ఏది చూసినా ఈ నక్షా కనిపిస్తుంది.

ఆ నాలుగు చర్చిల్లో ఒక్క సాంటా మరియా మాత్రం ఆ పద్ధతికి లొంగలేదు. ఆ చర్చి ప్లాజాలో లేదు, కొండ మీద ఉంది, చుట్టూ రక్షణ గోడ. ఎక్కడానికి 85 మెట్లు. పైగా ఊరివైపు చర్చి ముఖం కాదు, పక్క గోడ ఉంటుంది.

ప్రశ్నార్థకం:
అందరూ గోడల మందం గురించి మురిసిపోతున్నారు. ఆ రాళ్ళు మోసింది ఎవరు? వెట్టి చాకిరీ కాదా?

మాస్టారు_తెనాలి:
వెట్టే. దాన్ని పోలో అనేవారు. 16 నుంచి 60 ఏళ్ళ లోపు మగవాళ్ళు ఏడాదికి 40 రోజులు పని చెయ్యాలి. 1884లో దాన్ని 15 రోజులకి తగ్గించారు. అడవిలో చెట్లు కొట్టడం, ఓడలు కట్టడం, రోడ్లు, వంతెనలు, చర్చిలు అన్నీ అందులోనే. డబ్బు కట్టగలిగినవాడు తప్పించుకునేవాడు. కాగితం మీద కూలీ ఉంది, చేతికి అందేది అరుదు. 1649లో సమర్ దీవిలో సుమురోయ్ తిరుగుబాటు ఇందుకే వచ్చింది, అక్కడివాళ్ళని దూరంగా కవీతే ఓడల కార్ఖానాకి పంపమన్నందుకు.

బొహోల్ దీవిలో దగోహోయ్ అనేవాడి తిరుగుబాటు ఇంకా తమాషా. సోదరుడి శవానికి క్రైస్తవ సమాధి ఇవ్వనని ఫాదర్ అన్నందుకు 1744లో మొదలై 1829 దాకా నడిచింది. 85 ఏళ్ళు! విచారణ గురువు (విచారణ అంటే ఒక ఫాదర్ బాధ్యతలో ఉండే చర్చి, దాని ఊళ్ళు) ఒక్క మాటకి ఊళ్ళో ఎంత బలం ఉండేదో, ఎంత పగ పుట్టేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ప్రశ్నార్థకం:
అదే నేననేది. పరాయివాడు కొరడా పట్టుకుని కట్టించినదాన్ని "ఫిలిప్పీన్స్ వారసత్వం" అని యునెస్కో బోర్డు పెట్టడం ఏంటి?

పల్నాటి_మరియ:
అన్నా, నేను పుట్టు కతోలికురాలిని, మాది ఫిరంగిపురం దగ్గర. మా ఊళ్ళ గుళ్ళు కూడా తెల్ల ఫాదర్లు కట్టించినవే. కట్టించిన వాళ్ళు పోయారు, గుడి మాది. పెళ్ళి అక్కడే, జ్ఞానస్నానం అక్కడే, చనిపోతే చివరి పూజ అక్కడే. ఊరి గుడి ఎవరిదంటే అక్కడ మోకరిల్లే వాళ్ళదే అని నేనంటాను.

ఇంకో మాట. ఆ కొబ్బరి చెట్టు సంగతి అడిగారు కదా. ఫాదర్ నక్షా ఇచ్చి ఉండొచ్చు, ఉలి పట్టుకున్నది మాత్రం ఊరివాడు. వాడికి తెలిసిన చెట్టు అదే. మా వైపు క్రిస్మస్ పశువుల పాకలో ఒంగోలు గిత్త బొమ్మ పెడితే ఎవరూ ఆశ్చర్యపోరు.

సెబూలో బాలయేసు స్వరూపం, అంటే విగ్రహం గురించి ఎవరూ రాయలేదేంటి? 1521లో నావికుడు మెజెల్లన్ సెబూ రాణికి కానుకగా ఇచ్చాడు. 44 ఏళ్ళ తర్వాత లెగాస్పి సైనికులకు కాలిపోయిన ఇంట్లో పెట్టెలో దొరికింది. ఆ మధ్యకాలంలో అక్కడ ఫాదరూ లేడు, గుడీ లేదు. అయినా స్వరూపాన్ని ఎవరో జాగ్రత్త చేశారు. దాన్ని కూడా కొరడా లెక్కలోనే వేస్తారా?

మాస్టారు_తెనాలి:
మరియమ్మా, మీరన్నది ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతాను. "గుడి ఎవరిది" అనేది అక్కడ మాటవరస ప్రశ్న కాదు, ప్రాణాలు పోయిన ప్రశ్న. విచారణలన్నీ స్పెయిన్ సన్యాసి సభల చేతుల్లో ఉండేవి. స్థానిక గురువులకి సహాయకుల పదవులే దక్కేవి. మా విచారణలు మాకివ్వండని పోరాడినవాడు ఫాదర్ పెద్రో పెలాయెజ్. 1863 జూన్ 3 భూకంపంలో మనీలా కథీడ్రల్ కూలినప్పుడు ఆ శిథిలాల కిందే చనిపోయాడు. ఆయన తర్వాత ఆ వాదాన్ని ఎత్తుకున్నవాడు శిష్యుడు బుర్గోస్. 1872 ఫిబ్రవరి 17న బుర్గోస్, గోమెజ్, జమోరా అనే ముగ్గురు గురువుల్ని తిరుగుబాటు నేరం మోపి బహిరంగంగా గొంతు బిగించి చంపారు. గోమెజ్ బకోర్ విచారణ గురువు, డెబ్భై దాటిన ముసలాయన. ఫిలిప్పీన్స్ జాతీయోద్యమ చరిత్ర చెప్పేవాళ్ళు అక్కణ్ణుంచే మొదలుపెడతారు. అంటే స్పెయిన్‌ని కదిలించిన గొడవ కూడా ఈ చర్చిల గడపలోంచే వచ్చింది.

గల్ఫ్‌బాబాయ్:
మంచి చర్చ. నేను గల్ఫ్‌లో పద్దెనిమిది దేశాల వాళ్ళతో పనిచేస్తున్నా, ఫిలిప్పీన్స్ వాళ్ళే ఎక్కువ. మా స్టోర్స్‌లో ఒకాయనది పంపంగా ప్రాంతం, బకోలోర్. వాళ్ళ చర్చి ఫోటో చూపిస్తే నాకు ముందు అర్థం కాలేదు. మనిషి తల వంచుకుని కిటికీలోంచి లోపలికి వెళ్తున్నాడు!

1991లో పినతుబో అగ్నిపర్వతం పేలింది కదా. అప్పుడు పడ్డ బూడిద కొండల మీద పేరుకుని, ప్రతి వానాకాలం బురదై ఊళ్ళ మీదికి వచ్చేది. 1995 అక్టోబరు 1న ఆ బురద బకోలోర్ మీద పడింది. 12 మీటర్ల ఎత్తు చర్చి, ఆరు మీటర్లు పూడిపోయింది. ఊరివాళ్ళు చర్చిని వదల్లేదు. పూడినంత నేలే ఇప్పుడు చర్చి నేల. పాత కిటికీలే తలుపులు. పీఠాన్ని తవ్వి తీసి పైకెత్తి పెట్టుకున్నారు, ఇప్పుడది దాదాపు కప్పుకి తగులుతున్నట్టు ఉంటుంది. పూజ మాత్రం ఆగలేదు.

పల్నాటి_మరియ:
ప్రశ్నార్థకం గారూ, చదివారా?

ప్రశ్నార్థకం:
చదివాను. వెట్టి వెట్టే, భక్తి భక్తే. రెండూ ఒకే గోడలో ఉన్నాయంటే ఒప్పుకుంటాను. టూరిస్ట్ బోర్డు మీద మాత్రం రెండోదే రాస్తారు, నా గొడవంతా అదే.

ఇలోయిలో_మెడికో:
చాలా థాంక్స్ అందరికీ! ఒక డౌట్. మియాగావ్‌లో గైడ్ "రాళ్ళని కోడిగుడ్ల తెల్లసొనతో అతికించారు" అన్నాడు. నిజమేనా? అన్ని గుడ్లా?

గానుగసున్నం:
ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా.

రాళ్ళని పట్టుకునేది సున్నమే. అందులో జిగురు కోసం, పనితనం కోసం ఊరూరికీ ఏదో ఒకటి కలిపేవారు. పావోయ్ వైపు చెప్పుకునేది చెరకు రసం, మామిడాకులు, తోలు, వరిగడ్డి కలిపి ఉడకబెట్టిన నీళ్ళు. బొహోల్ వైపు తెల్లసొన కథ గట్టిగా ఉంది. మిగిలిన పచ్చసొనతోనే వాళ్ళ స్వీట్లన్నీ పుట్టాయని కూడా చెప్పుకుంటారు. వినడానికి బాగుంది.

మనవాళ్ళకి ఇందులో వింతేం లేదు. గానుగలో నూరిన సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు మన తాతలూ కలిపారు. ఇలాంటివి కలిపితే సున్నం ముద్ద నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపడి పగుళ్ళివ్వదు. కానీ మొత్తం చర్చిని గుడ్ల మీద నిలబెట్టారంటే నేను నమ్మను. గోడ నిలబడేది మందంతో, బరువుతో.

ఆ గోడ లోపల ఏముంటుందో తెలుసా? బయటికి చెక్కిన రాళ్ళు ఒక వరస, లోపలికి ఒక వరస, మధ్యలో రాళ్ళ ముక్కలు, సున్నం కలిపిన నింపుడు. ఏళ్ళ తరబడి పైకప్పు కారి నీళ్ళు దిగితే ఆ నింపుడు పొడిపొడిగా అయిపోతుంది. బయటికి చూస్తే గోడ రాజులా నిలబడే ఉంటుంది. భూకంపం వచ్చిన రోజు రెండు వరసలూ విడిపోతాయి.

నా కడుపుమంట ఏంటంటే, సిమెంట్. పాత గోడలకి సున్నం పూత ఉండేది. "రాయి కనపడితే అందం" అని 1970ల ప్రాంతంలో చాలా చర్చిల పూత గీకి పారేశారు. పూత పోయాక వాన నేరుగా రాయికి తగిలింది. రాయి పెచ్చులూడుతుంటే సిమెంట్ పెట్టి మూశారు. సున్నం గోడ తేమని పీల్చి వదులుతుంది. సిమెంట్ వదలనివ్వదు. తేమ లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, సిమెంట్ చుట్టూ ఉన్న రాయిని తినేస్తుంది. మన దగ్గర పాత కోటలకీ గుళ్ళకీ ఇదే పని చేస్తున్నారు, చెప్తే కాంట్రాక్టర్‌కి కోపం.

రాళ్ళపిచ్చి:
2013 అక్టోబరు 15 బొహోల్ భూకంపం గుర్తొచ్చింది. 7.2 తీవ్రత. లూన్, మరిబోహోక్ చర్చిలు రాళ్ళ కుప్పలయ్యాయి. లోబోక్, బక్లయోన్ బాగా దెబ్బతిన్నాయి. బక్లయోన్‌ది 1727 నాటి పగడపు రాతి చర్చి. నేషనల్ మ్యూజియం, నేషనల్ హిస్టారికల్ కమిషన్ వాళ్ళు పని పంచుకుని ఏళ్ళ తరబడి చేశారు. లూన్ చర్చిని 2021లో మళ్ళీ తెరిచారు. తర్వాత 2022 జూలైలో ఉత్తరాన అబ్రా భూకంపం వస్తే విగన్ పక్కన బంతయ్ గంటల టవర్ పెచ్చులూడిపోయింది. అంటే ఈ కథ అయిపోయింది కాదు, నడుస్తోంది.

వీటన్నిటి మధ్య మనీలా శాన్ అగస్టిన్ ఒక్కటి మొండిఘటం. మొదట వెదురు, తాటాకులాంటి నిపా ఆకుతో కట్టారు. 1574లో కాలింది. రెండోది 1583లో గవర్నర్ అంత్యక్రియల్లో కొవ్వొత్తి అంటుకుని కాలింది. ఇక రాయి తప్ప దిక్కులేదని 1587లో మొదలుపెట్టి 1607లో పూర్తిచేశారు. 1645, 1863, 1880 భూకంపాలు మూడూ దాటింది. 1880లో ఒక టవర్ చీలిపోతే తీసేశారు, అందుకే ఇప్పుడు ఒకవైపే టవర్ ఉంటుంది. 1945 యుద్ధంలో ఇంట్రామురోస్‌లో ఉన్న ఏడు చర్చిల్లో నిలబడింది ఇదొక్కటే.

లోపలికి వెళ్ళి పైకి చూడాలి. కప్పంతా పువ్వులు, చట్రాలు చెక్కినట్టు ఉంటుంది. ఒక్కటీ చెక్కింది కాదు, అంతా రంగే. 1875లో ఇద్దరు ఇటాలియన్ చిత్రకారులు వేశారు. గుమ్మం దగ్గర చైనా సింహాలు, రాతివి. లెగాస్పి సమాధి కూడా అక్కడే.

గల్ఫ్‌బాబాయ్:
1762లో ఇంగ్లీషువాళ్ళు మనీలా పట్టుకున్నప్పుడు ఆ శాన్ అగస్టిన్‌ని దోచారట కదా. ఆ దండు బయల్దేరింది మద్రాసు నుంచి. సిపాయిలు కూడా ఉన్నారు. కొంతమంది తిరిగి రాకుండా మనీలా దగ్గర కాయింటాలో స్థిరపడ్డారు, అక్కడి అమ్మాయిల్నే చేసుకున్నారు. మద్రాసు అంటే మనవాళ్ళే!

మాస్టారు_తెనాలి:
బాబాయ్, దండు మద్రాసుదే, దోపిడీ నిజమే, కాయింటాలో సిపాయిల సంతతి ఉన్న మాటా నిజమే. 1764 దాకా ఇంగ్లీషువాళ్ళు అక్కడున్నారు. కానీ మద్రాసు అనగానే మన ఖాతాలో వేసుకోకండి. రేపు ఎవరో వాట్సాప్‌లో "మనీలాని గెలిచిన తెలుగు వీరులు" అని పెడతారు.

గానుగసున్నం:
😀 పెట్టేసే ఉంటారు మాస్టారూ.

ఇంజనీర్లకి ఒక బోనస్. మనీలాలో శాన్ సెబాస్టియన్ చర్చి. రాతి చర్చి కూలీ కూలీ విసుగొచ్చి, 1880 భూకంపం తర్వాత మొత్తం ఉక్కుతో కట్టారు. ముక్కలన్నీ బెల్జియంలో తయారుచేసి ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించారు, 1891లో పూర్తయింది. డిజైన్ హెనారో పలాసియోస్‌ది. ఈఫిల్ టవర్ కట్టిన ఈఫిల్‌దే ఈ డిజైన్ కూడా అని గైడ్లు చెప్తారు, పట్టించుకోకండి. లోపలికెళ్తే రాతి గోతిక్ చర్చి అనుకుంటారు. స్తంభం మీద వేలితో కొడితే డబ్బాలా మోగుతుంది. భూకంపాన్ని గెలిచారు, తుప్పుకి దొరికిపోయారు. బోలు స్తంభాల్లోకి వాననీళ్ళు దిగి, సముద్రపు గాలితో కలిసి లోపల్నుంచి తినేస్తోంది.

పల్నాటి_మరియ:
రాయి అయింది, ఉక్కు అయింది, వెదురు మిగిలింది. లాస్ పినాస్ చర్చిలో ఆర్గన్ వెదురు బొంగులతో చేసింది. ఫాదర్ దియెగో సెరా 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తిచేశారు. మొత్తం 1,031 గొట్టాలు, అందులో 902 వెదురువే. పురుగు పట్టకుండా బొంగుల్ని సముద్రపు ఇసుకలో పాతిపెట్టేవారట. 1970ల్లో జర్మనీకి పంపి బాగుచేయించారు. ఇప్పటికీ పూజలో వాయిస్తారు. వింటే మెత్తగా, వేణువులా ఉంటుంది.

ఇలోయిలో_మెడికో:
ఇక ఇవన్నీ చూడకుండా ఇండియా వస్తే నాకే సిగ్గు. మనీలా, ఇలోకోస్ సెలవుల్లో చూస్తాను. ఇలోయిలో చుట్టుపక్కల ఒక్క రోజులో ఏవి కుదురుతాయి?

రాళ్ళపిచ్చి:
అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి తమ్ముడూ. అంతికే వైపు శాన్ హోసే వెళ్ళే బస్సు ఎక్కు. వరసగా తిగ్బవాన్, గింబాల్, మియాగావ్, శాన్ హోవాకిన్ వస్తాయి. తిగ్బవాన్‌లో ముందు గోడ చెక్కడం చూడు. గింబాల్‌లో చర్చితోపాటు దొంగల మీద కాపలాకి కట్టిన రాతి బురుజులు ఉన్నాయి.

శాన్ హోవాకిన్ మాత్రం వదలకు. 1869లో పూర్తయిన చర్చి. ముందు గోడ పైన త్రికోణం నిండా యుద్ధం చెక్కారు. గుర్రాలు, తుపాకులు, పడిపోయిన సైనికులు. ఏ యుద్ధమో తెలుసా? 1860లో మొరాకోలో తెతువాన్ దగ్గర స్పెయిన్ గెలిచినది. ఇక్కడి వీసయా దీవుల పల్లెటూరి రైతులకి మొరాకో ఎక్కడో, ఎందుకో!

ప్రశ్నార్థకం:
ఇది నా కోసమే పెట్టారా?

రాళ్ళపిచ్చి:
మీకోసమే అనుకోండి. మెడికో తమ్ముడూ, శనివారం పెళ్ళిళ్ళుంటాయి, ఆదివారం పూజలు, లోపల ఫోటోలు తియ్యనివ్వరు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళు. సెప్టెంబరు 22 మియాగావ్‌లో ఊరి పండుగ, అప్పుడైతే భోజనం కూడా ఎవరో ఒకరి ఇంట్లో దొరుకుతుంది.